చుక్క బిళ్ళల భాగ్యం

ప్రేమ్‌రాజ్‌కు లంకెబిందెలు దొరికాయట.

ఈ మాట మొదట పుట్టించింది ఛత్రినాక గల్లీలో అతని పక్కింటి నాగమణమ్మ. ఆమె కళ్ళతో చూసిందేమీ లేదు. మిట్టమధ్యాహ్నం తలుపులు బిడాయించుకుని ప్రేమ్‌రాజ్ లోపల ఏదో కుమ్మరిస్తుంటే గలగలమని చప్పుడు విన్నదట. ఉత్త చప్పుడుకే లంకెబిందెలని ఎట్లా చెబుతావని ఎవరో అడిగితే, బియ్యం పోస్తే సరసరమంటాయి, కందులు పోస్తే జలజలమంటాయి, గలగలమనేది లక్ష్మి ఒక్కతే కదా అన్నదట. ఇస్త్రీ బండి అతను ఆ మాటను రెండు గల్లీలు దాటించాడు. జల్‌పల్లిలో కొత్తగా ప్లాటు కొనుక్కుని వెళ్ళిపోయిన పాత కిరాయిదారుల దాకా చేరేసరికి రెండు బిందెలు నాలుగయ్యాయి. వాటికి కాపలాగా ఒక నాగుపాము కూడా వచ్చి చుట్ట చుట్టుకుంది.

పాఠకులారా, బిందెలు లేవు. పాము అసలే లేదు. ఉన్నదల్లా ఒక బ్యాంకు, ఆ బ్యాంకు ఇచ్చిన పది రూపాయల బిళ్ళలు.

ఇప్పుడొక మాట చెబితే కోపగించుకోవద్దు. ఈ కాలంలో సామాన్యుడికి జరిగిన మేళ్ళన్నీ ఒక ఎత్తు, ఏ దుకాణంలోనూ తీసుకోని పది రూపాయల బిళ్ళ ఒక్కటీ ఒక ఎత్తు! రోడ్లు వచ్చాయంటారు, ఫ్లైఓవర్లు వచ్చాయంటారు, ఫోనులో పైసలు పంపే విద్య వచ్చిందంటారు. రావచ్చు. కానీ బ్యాంకులో మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తాగించే శక్తి వాటిలో ఒక్కదానికైనా ఉందా? బిళ్ళకు ఉంది. నమ్మకపోతే ప్రేమ్‌రాజ్ సంగతి వినండి.

ప్రేమ్‌రాజ్ నల్లా నీళ్ళు వదిలే మనిషి. తెల్లవారకముందే ఇనుప చావి భుజాన వేసుకుని వెళ్ళి, వాల్వులు తిప్పి, బస్తీకి నీళ్ళిచ్చి, పొద్దెక్కేసరికి ఇల్లు చేరతాడు. ఇక ఆ రోజంతా అతనిదే. చేతిలో ఫోను. పనిలేని మనిషికీ ఫోనుకూ ఉండే సంబంధం బర్రెకూ బురదగుంటకూ ఉండేలాంటిది. దిగడమే తెలుసు, లేవడం ఇంకొకరు అదిలిస్తేనే.

అట్లా దిగిన ఒకరోజు ఒక వీడియో కనబడింది. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన, మీ ఇంట్లో ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు ఉందా, అయితే మీరు లక్షాధికారులే అని చెబుతున్నాడు. ప్రేమ్‌రాజ్ ఇల్లంతా వెతికాడు. దిండ్ల గలేబులు, దేవుడి పటాల వెనక, భార్య రాజమణి పోపుల డబ్బా, అన్నీ చూశాడు. ట్రాక్టరు కాదు కదా, దాని టైరు కూడా దొరకలేదు. అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. చేపలు కావాలంటే చెరువుకు పోవాలి గానీ చారుగిన్నెలో దేవులాడితే ఏం లాభం? నోట్ల చెరువు బ్యాంకు కదా!

ఆ మరునాటి నుంచి ప్రేమ్‌రాజ్ పాతబస్తీ బ్యాంకులకు నిత్య దర్శనార్థి అయ్యాడు. పది రూపాయల నోట్ల కట్ట తీసుకోవడం, బల్ల మీద కూర్చుని నంబర్లు చదవడం, ఏడు ఎనిమిది ఆరు అనే అదృష్టపు అంకెలు వరుసగా పడ్డాయేమో, అన్నీ ఒకటే అంకె ఉందేమో చూడడం, లేకపోతే కట్ట తిరిగి కట్టేయడం. పదో తరగతిలో లెక్కల పుస్తకాన్ని అంత శ్రద్ధగా చూసి ఉంటే ఈపాటికి అతనే బ్యాంకు మేనేజరు అయి ఉండేవాడు.

బ్యాంకులకు ఈ పారాయణం నచ్చలేదు. శాలిబండ వైపు ఒక బ్రాంచిలో తుపాకీ పట్టుకున్న సెక్యూరిటీ ఆయన ఇతణ్ణి నాలుగు రోజులు గమనించి, దోపిడీకి ముందు కొలతలు తీసుకుంటున్నాడేమోనని పేరు, ఊరు రాసుకున్నాడు. ఇంకో బ్రాంచిలో ఇతను గుమ్మంలో కాలు పెట్టగానే సర్వరు డౌన్ అయ్యేది. ఇంటి దగ్గరి బ్రాంచిలో క్యాషియరు సాయిప్రియ మంచి పిల్ల కాబట్టి కొంతకాలం ఓర్చుకుంది. చివరికి ఆమె కూడా, నోట్లు ఖర్చుపెట్టే వస్తువులు గానీ చదివే వస్తువులు కావని మెల్లగా చెప్పింది.

మామూలు మనిషైతే అక్కడితో ఆగిపోయేవాడు. ప్రేమ్‌రాజ్ ఆగలేదు. ఎందుకంటే అదే టోపీ ఆయన అదే వారం ఇంకో వీడియో పెట్టాడు. ఈసారి నోట్లు కాదు, బిళ్ళలు. పది రూపాయల బిళ్ళ మీద సంవత్సరం కింద చుక్క ఉంటే పారేసుకోవద్దు, కొనేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు అని.

ప్రేమ్‌రాజ్ బ్యాంకుకు వెళ్ళి సాయిప్రియను పది రూపాయల బిళ్ళలున్నాయా అని అడిగాడు.

ఆ పిల్ల చేతిలో నోట్ల కట్ట అట్లాగే ఉండిపోయింది. నిజంగానే అడుగుతున్నావా అన్నా అన్నది. నిజంగానే అన్నాడు. ఎన్ని కావాలి అన్నది. ఎన్నుంటే అన్ని అన్నాడు.

ఆ మాట అద్దాల గదిలో ఉన్న మేనేజరు దీక్షిత్ చెవిన పడింది. ఆయన వయసులో చిన్నవాడు, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఈ బ్రాంచికి వచ్చిన రెండేళ్ళలో గది దాటి ఎవరికీ ఎదురు వెళ్ళనివాడు లేచి బయటికి వచ్చి ప్రేమ్‌రాజ్‌కు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. చాయ్‌తో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా వచ్చాయి!

ఎందుకంతటి మర్యాద? ఎందుకో తెలియాలంటే మన ఊళ్ళో పది బిళ్ళ బతుకు తెలియాలి.

పది బిళ్ళ దొంగ బిళ్ళ అని ఎవరూ అనరు. అందరికీ దాని మీద గౌరవమే. ఆటో ఆయనను అడగండి. నాకేం అభ్యంతరం లేదు భాయ్, కిరాణా సేటు తీసుకోడు అంటాడు. సేటును అడిగితే, నాకేం తకలీఫ్ లేదు, పాలబూత్‌లో తీసుకోరు అంటాడు. పాలబూత్ ఆమె చాయ్‌బండిని చూపిస్తుంది. చాయ్‌బండి ఆయన మళ్ళీ ఆటో వైపే చెయ్యి చూపిస్తాడు. ఊరంతా మంచివాళ్ళే. వద్దనేది ఎప్పుడూ పక్కవాడే. ఈ వలయంలో తిరిగి తిరిగి, ఎక్కడా దిగడానికి చోటు దొరకక, బిళ్ళలన్నీ చివరికి బ్యాంకు లాకరు గదిలో మూటలు మూటలుగా పడి ఉన్నాయి. పైనుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిని జనంలోకి పంపండి అని దీక్షిత్‌కు రోజూ మెయిళ్ళు. పింఛనుకు వచ్చిన ముసలమ్మలకు ఇవ్వబోతే వాళ్ళు కర్ర ఎత్తుతున్నారు. అట్లాంటి వేళ ఒక మనిషి తనంతట తాను నడిచివచ్చి, ఎన్నుంటే అన్ని ఇవ్వమంటే ఎట్లా ఉంటుంది? కరువులో మబ్బు పట్టినట్టుంటుంది.

పాఠకులారా, మీరు ఎన్నేళ్ళుగా బ్యాంకుకు వెళుతున్నారు? పాస్‌బుక్కు ప్రింటు కోసం ఎన్ని పూటలు నిలబడ్డారు? దారంతో కట్టిన పెన్ను మీ ఫారం దాకా అందక, ఫారాన్నే పెన్ను దగ్గరికి ఈడ్చుకుని ఒంగి ఒంగి సంతకం చేశారా లేదా? ఎప్పుడైనా ఒక్క గుక్క మంచినీళ్ళు ఇచ్చారా? లోను తీసుకున్నా ఇవ్వరు, లోను తీర్చినా ఇవ్వరు. బిళ్ళలు అడగండి, బిస్కెట్లు వస్తాయి. ఇది వరం కాక మరేమిటి?

ఇంటికి తెచ్చిన మొదటి పొట్లాన్ని ప్రేమ్‌రాజ్ తలుపులు మూసి చాప మీద కుమ్మరించాడు. నాగమణమ్మ విన్న చప్పుడు అదే. కళ్ళజోడు సర్దుకుని ఒక బిళ్ళ తీసి సంవత్సరం కింద చూశాడు. చుక్క! బుల్లిగా, ఐదు కొమ్ములతో, ఆకాశంలో ఉండే చుక్క లాగే ఉంది. ఇంకొకటి తీశాడు. చుక్క. ఇంకొకటి. చుక్క. పొట్లంలో మూడొంతులు చుక్కలే!

తెలివైనవాడికి ఇక్కడ అనుమానం రావాలి. అరుదైన వస్తువు శేర్లకొద్దీ ఎట్లా దొరుకుతుంది? ప్రేమ్‌రాజ్ తెలివితక్కువవాడేమీ కాదు. అదృష్టం ఎదురైనప్పుడు తెలివి పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది, అంతే. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ చాయ్. మళ్ళీ పొట్లాలు. మళ్ళీ చుక్కలు. చుక్కలున్నవి నూనె డబ్బాల్లోకి, చుక్కలేనివి బియ్యం సంచిలోకి. నెల తిరిగేసరికి మంచం కింద చీపురు దూరడానికి సందు లేదు.

ఆ బిళ్ళలు ఊరికే రాలేదు కదా, పైసలు ఎవరివి అని మీరు అడగబోతున్నారు. అడగండి. అవి రాజమణివి.

రాజమణి లాల్ దర్వాజ మలుపు దగ్గర పూలమ్ముతుంది. మల్లెలు, కనకాంబరాలు, దేవుళ్ళకు దండలు. అరటినార కోసి కోసి ఆమె బొటనవేలి గోరు పక్కన ఒక గాటు శాశ్వతంగా ఉండిపోయింది. ఏడాది పొడుగునా అమ్మేది ఒక లెక్క, ఆషాఢంలో బోనాల ఆదివారం అమ్మేది ఒక లెక్క. ఆ ఒక్కరోజు బస్తీలో ప్రతి ఇంటికీ బోనం కుండకు బంతిపూలు కావాలి, వేపమండలు కావాలి. ఆ రోజు నాలుగు గోనెల బంతి దించగలిగితే తర్వాత ఆరునెలలు ఇల్లు నిబ్బరంగా గడుస్తుంది. దించలేకపోతే ఆ మలుపులో ఆమె చోటులో ఇంకొకరు గంప పెడతారు. ఒక పండుగకు పోయిన చోటు మళ్ళీ పండుగకు కూడా దొరకదు. అందుకే రోజూ మిగిలినది మిగిలినట్టు బ్యాంకులో వేసుకుంటుంది. ఖాతా ఇద్దరి పేరిట ఉంది. ఆమెకు పూల దగ్గరి నుంచి కదలడానికి తీరదు కాబట్టి బ్యాంకు పని అంతా మొగుడిది.

అయితే ప్రేమ్‌రాజ్ ఆ పైసలు పాడుచేశాడా? రామ రామ! పైసా ఖర్చు పెట్టలేదు. రూపం మార్చాడు. నోటు అనే దేహాన్ని విడిపించి బిళ్ళ అనే దేహంలో ప్రవేశపెట్టాడు. పెద్దలు చెప్పిన వేదాంతం కూడా ఇదే కదా? పైగా నోటు తడుస్తుంది, చిరుగుతుంది, ఎలుక కొరుకుతుంది. బిళ్ళను కొరికిన ఎలుక పళ్ళే పోతాయి.

పొదుపు పొదుపు అని ప్రభుత్వాలు గొంతు చించుకుంటున్నాయి. నోటు జేబులో ఉంటే మిర్చీబజ్జీ బండి ముందు కాళ్ళు ఆగుతాయి. పది బిళ్ళలు జేబునిండా వేసుకుని వెళ్ళండి, బజ్జీల వాసన పీల్చి తిరిగి వస్తారు. కొవ్వు తగ్గుతుంది, పైసలు మిగులుతాయి. దొంగల భయం చూద్దామా? నోట్లు ఎత్తుకుపోయినవాడు గోడ దూకుతాడు. బిళ్ళల డబ్బా ఎత్తుకున్నవాడికి గోడ దూకడం కాదు, గడప దాటడమే గండం. దాటినా వాటిని ఎక్కడ మారుస్తాడు? మూడో రోజు తెచ్చి మీ గుమ్మంలోనే పెట్టిపోతాడు!

ఇట్లా అన్ని విధాలా సుఖంగా సాగుతున్న సంసారంలోకి ఆషాఢం వచ్చింది.

బోనాల ఆదివారానికి ముందు బుధవారం రాజమణి మొగుడితో, శనివారం పొద్దుగాలనే పూల మండికి పోవాలి, బ్యాంకుకు పోయి పైసలు పట్టుకురమ్మని చెప్పింది. ప్రేమ్‌రాజ్ నవ్వాడు. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న నవ్వు. మంచం కింది నుంచి డబ్బాలు ఒక్కొక్కటే బయటికి జరిపి మూతలు తీశాడు.

రాజమణి డబ్బాల్లోకి చూసింది.

"ఏందివి?"

"నీ పైసలే. గిట్ల చూడు, చుక్క. ఒక్కొక్క బిళ్ళకు మస్తు రేటున్నదట. నువ్వింక పూలు గుచ్చుడు గిట్ల బంద్ పెట్టొచ్చు."

"మండిల ఇవి తీస్కుంటరా?"

మండిలో ఎందుకు, రేపు లాడ్ బజార్‌కు పోయి పాత బిళ్ళలు కొనే సేటుకు అమ్మేసి నోట్లే తెస్తానన్నాడు. ఫికర్ చెయ్యొద్దన్నాడు. రాజమణి మామూలుగా లొల్లి పెట్టే మనిషి. కూరలో ఉప్పు గురించి గల్లీ చివరిదాకా వినపడేట్టు మాట్లాడగలదు. ఆ రోజు ఒక్కమాట అనకుండా వెళ్ళి గంప కడుక్కుంది.

లాడ్ బజార్‌లో గాజుల దుకాణాల వరస అయిపోయాక ఒక సందు ఉంది. అందులో సీతారాం సేటు తాతల కాలం నుంచి పాత నాణేలు అమ్ముతాడు. నిజాం కాలపు వెండి రూపాయలు, రంధ్రం ఉన్న పైసలు, తపాలా బిళ్ళలు అద్దాల పెట్టెలో పరిచి ఉంటాయి. ప్రేమ్‌రాజ్ గురువారం పొద్దున ఒక సంచి తీసుకెళ్ళి, పెట్టె మీద గుప్పెడు బిళ్ళలు పెట్టి, మిగతావి బయటికి తీయకుండా గుంభనంగా కూర్చున్నాడు. మొదటే అన్నీ చూపిస్తే రేటు తగ్గిస్తాడని అతని జాగ్రత్త.

సేటు భూతద్దం పెట్టి ఒకటి చూశాడు. రెండోది చూడలేదు.

"ఎన్నున్నయ్ భాయ్ ఇట్లాంటివి?"

"డబ్బాల నిండ."

"ఏడ దొరికినయ్?"

"బ్యాంకుల సేటు. ఛత్రినాకల."

సీతారాం భూతద్దం కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "ఏ టంకశాలల కొట్టిన బిళ్ళకు ఆ టంకశాల గుర్తు ఉంటది. చుక్క మన హైదరాబాద్ గుర్తు. చర్లపల్లిల కొట్టిండ్రు, లారీల ఎక్కించిండ్రు, ఛత్రినాకల దించిండ్రు. హైదరాబాద్‌ల హైదరాబాద్ బిళ్ళ దొరికిందంటే, ఇరానీ హోటల్‌ల చాయ్ దొరికిందని డప్పు కొట్టినట్టున్నది."

ప్రేమ్‌రాజ్ ఆ వీడియోలో చుక్క అనే చెప్పాడు కదా అని గొణిగాడు.

వాడు చెప్పింది ముగ్గులో పెట్టే చుక్క అయి ఉంటుందన్నాడు సేటు. అది ఇంకో ఊరి గుర్తట. ఆ ఊళ్ళో అదీ ఇట్లాగే శేర్లకొద్దీ దొరుకుతుందట.

చూశారా మన భాష పొదుపు! ఆకాశంలో మెరిసేది చుక్కే, వాకిట్లో పెట్టేది చుక్కే, సాయంత్రం గ్లాసులో పడేదీ చుక్కే. మూడింటికీ ఒకటే మాట పెట్టి సరిపెట్టుకున్నారు మన పెద్దలు. పాపం వాళ్ళకేం తెలుసు, ఒకనాడు ఒక నల్లా నీళ్ళ మనిషి ఆ మూడింటి మధ్య పడి మునుగుతాడని! పట్టపగలు చుక్కలు కనబడ్డాయంటే ఏమిటో ఆ రోజు లాడ్ బజార్ ఎండలో ప్రేమ్‌రాజ్‌కు తెలిసింది.

పోనీ, ఎక్కువ ధర వద్దు, పదికి పది చొప్పున నోట్లు ఇవ్వమని సేటును అడిగాడు. నాణేలే తిండి పెట్టే ఇల్లు కదా అని ఆశ. సీతారాం ఎంతో గౌరవంగా ఆ గుప్పెడు బిళ్ళలను అతని వైపే జరిపాడు. తనకేం అభ్యంతరం లేదట. ఎదురుగా చాయ్‌వాలా తీసుకోడట.

ఇంటికి వచ్చి ప్రేమ్‌రాజ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పేటప్పుడు రాజమణి మొహం చూడలేక, ఆమె ముందున్న కనకాంబరాల కుప్పను చూస్తూ చెప్పాడు. ఆమె దండ ముడి వేయడం పూర్తిచేసింది. నార పళ్ళతో కొరికి తెంపింది.

"పొద్దుగాల బ్యాంకుకు పోదాం. నేను గూడ వస్త."

శుక్రవారం బ్యాంకు తలుపులు తీసే వేళకు వాళ్ళిద్దరూ డబ్బాలనూ బియ్యం సంచినీ పూల గోనెల్లో మూటకట్టి ఆటో పిలిచారు. ఆటో ఆయన మూటలు ఎక్కిస్తుంటే గలగల విని, ఇంజను ఆపి, కిరాయి నోటిస్తారా ఫోన్‌పే చేస్తారా ముందే చెప్పాలమ్మా అన్నాడు. దారి పొడుగునా ఎత్తుపల్లాల్లో మూటలు ఘల్లుమంటుంటే రోడ్డు పక్క జనం తలలు తిప్పి చూశారు. లంకెబిందెల కథకు ఆ రోజు సాక్షులు కూడా దొరికారు.

బ్యాంకులో ప్రేమ్‌రాజ్ అలవాటుగా తన కుర్చీ వైపు నడిచాడు. అందులో కొత్తగా బీమా పాలసీ తీసుకున్న ఒకాయన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సాయిప్రియ మూటలను చూసి, ప్రేమ్‌రాజ్‌ను చూసి, కంప్యూటరు వైపు తిరిగింది. తీసుకోలేమన్నా అన్నది. పొట్లం విప్పినవి తీసుకోరట. నూరు నూరుగా లెక్కపెట్టి, కవర్లలో వేసి, సీలు చేసి తేవాలట. తెచ్చినా రోజుకు ఒక్క పొట్లమేనట. పక్కన ఉన్న డిపాజిట్ మెషిన్‌లో వేస్తామంటే, దానికి బిళ్ళల నోరు లేదట.

ఇవ్వడానికి లేని ఇన్ని షరతులు తీసుకోవడానికి ఎక్కడి నుంచి పుట్టుకొచ్చాయి? పుడతాయి. బావిలోకి దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టరు, ఎక్కేటప్పుడే తెలుస్తాయి.

మాట మాట పెరుగుతుంటే దీక్షిత్ అద్దాల గదిలో నుంచి వచ్చాడు. ఈసారి షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు గానీ, నవ్వు మాత్రం అదే నవ్వు. రాజమణి ఆయనకు నమస్కారం పెట్టి, సారు, ఇవి మీరిచ్చినవే, ఇవి పెట్టుకుని నోట్లు ఇయ్యండి, రేపు తెల్లారి మండికి పోవాలి, ఎల్లుండి బోనాలు అని నెమ్మదిగా చెప్పింది. మండి దళారి బిళ్ళలు ముట్టుకోడని కూడా చెప్పింది. తన చోటు పోతుందన్న మాట మాత్రం చెప్పలేదు. ఆ మాట ప్రేమ్‌రాజ్‌కు వినపడింది.

క్యాష్ కౌంటరు అద్దానికి ఒక పోస్టరు అంటించి ఉంది. అందులో ఒక తల్లి, తండ్రి, పిల్లవాడు నవ్వుతూ దుకాణదారుకు పది బిళ్ళ ఇస్తుంటే అతను ఇంకా పెద్దగా నవ్వుతూ చెయ్యి చాపుతున్నాడు. అన్ని నాణేలూ చెల్లుతాయి, నిరాకరించవద్దు అని పెద్ద అక్షరాలు. ఇన్నాళ్ళుగా ఆ అద్దం ముందు నిలబడిన ప్రేమ్‌రాజ్ ఒక సంగతి ఆ రోజే గమనించాడు. పోస్టరు మొహం జనం వైపు ఉంది. లోపల కూర్చున్నవాళ్ళకు దాని వీపే కనబడుతుంది.

దీక్షిత్ ఆ పోస్టరునే చూపించాడు.

"చూడండమ్మా, ఈ కాయిన్స్ చెల్లవని ఎవరన్నారు? భేషుగ్గా చెల్లుతాయి. కాదనే హక్కు ఎవరికీ లేదు. ధైర్యంగా మండికి తీసుకెళ్ళండి. దళారి వద్దంటే ఈ రూల్ చెప్పండి, వెంటనే తీసుకుంటాడు."

"మరి మీరు తీస్కోరా సారు?"

"మేం తీసుకోమని ఎప్పుడన్నాం? తప్పకుండా తీసుకుంటాం. లెక్కపెట్టడానికి మనుషులు లేరు, పండగ సెలవుల్లో ఉన్నారు. లాకరులో చోటు కూడా లేదు. పండగ వెళ్ళాక మెల్లగా ఒక్కో పొట్లం తీసుకురండి. ప్రేమ్‌రాజ్ గారు మాకు ఎంతో కావలసిన మనిషి, ఆయన పని చేయకుండా ఉంటామా? ఈలోపు ఇవి హాయిగా మార్కెట్‌లో ఖర్చు పెట్టుకోండి. నోటుకూ దీనికీ ఏమీ తేడా లేదు."

ప్రేమ్‌రాజ్ తల దించుకుని నిలబడ్డాడు. బీమా పాలసీ ఆయన కప్పు పట్టుకుని చాయ్ తాగడం ఆపాడు. సాయిప్రియ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. రాజమణి పోస్టరులో నవ్వుతున్న దుకాణదారును చూసింది, కాళ్ళ దగ్గర మూటలను చూసింది, తర్వాత కొంగు నడుముకు దోపుకుని మేనేజరు మొహంలోకి చూసింది.

"పూలమ్ముకునేదాన్ని సారు నేను. నాకే చెవిల పూలు పెడ్తున్నవా?"